ఆ పెట్టె ఎవరిదని అడగడం పిచ్చి కాదు

“బావా, నువ్వు చూస్తున్నది సినిమానా, షోరూమా?”

మా బావమరిది ఈ ప్రశ్న వెయ్యడం మొదలుపెట్టి చాలా ఏళ్ళయింది. నా నేరం ఒక్కటే. తెర మీద ఎవరింట్లోనైనా మంచి స్టీరియో సెట్టు కనబడితే చెయ్యి దానంతటదే రిమోట్ మీదికి పోతుంది. బొమ్మ ఆపి, టీవీ దగ్గరికి జరిగి, ముందు పలక మీద గుబ్బలు లెక్కపెట్టి, అది ఎవరు చేసింది, ఏ కాలం నాటిది అని తేల్చుకుంటే గాని తరవాతి సీను నా బుర్రకెక్కదు. ఆ కాస్త వ్యవధిలో మా ఆవిడ ఫోన్ చూసుకుంటుంది. బావమరిది అలా వదలడు. ఫిల్మ్ సొసైటీల్లో తిరిగినవాడు, నాలుగు పుస్తకాలు చదివినవాడు. అందుకని నా అలవాటుకి ఎదురుగా ఓ సిద్ధాంతం నిలబెడతాడు.

ఆ సిద్ధాంతం ప్రకారం సినిమా అంటే మనుషులు, కథ, వెలుగునీడలు. గదిలో ఉన్న సామాను ఆర్ట్ డిపార్ట్‌మెంటువాళ్ళు ఆ పూటకి అద్దెకు తెచ్చి సర్దింది. అందులో ఖరీదైన పేరేదైనా ఉందంటే ఆ కంపెనీ డబ్బులిచ్చి పెట్టించుకుందన్నమాట. పైగా ఆ పెట్టెలోంచి పాట రానే రాదు, పాటని తరవాత మిక్సింగ్ గదిలో కలుపుతారు. మోగని పెట్టె పేరు తెలుసుకుని ఏం చేసుకుంటావు, సామాను చూసేవాడు సినిమా చూడలేడు, అని ముగింపు.

ఇది అతనొక్కడి మాటే అయితే భోజనాల దగ్గరే తేలిపోయేది. సినిమా గురించి గంభీరంగా మాట్లాడేవాళ్ళు చాలామంది ఇదే నమ్ముతారు. నాకు కోపం తెప్పించేది ఇందులో ఉన్న పక్షపాతం. చీర అంచు గురించి మాట్లాడితే పాత్రచిత్రణ అంటారు. గోడ రంగు గురించి మాట్లాడితే దృశ్యభాష అంటారు. ఆంప్లిఫయర్ ఊసెత్తితే మాత్రం సరుకుల పిచ్చి. మా అత్తగారు ఓసారి టీవీలో ఏదో సీరియల్ మొదటి పది నిమిషాలు చూసి, “ఈవిడ వేసుకున్నవి పుట్టింటివాళ్ళు పెట్టిన నగలు కావు, ఇంకెవరివో” అంది. నలభయ్యో ఎపిసోడ్‌లోనో ఎక్కడో కథ సరిగ్గా అక్కడికే వచ్చింది. ఆవిణ్ణి నగల కొట్టు చూస్తున్నావా అని ఎవరూ అడగలేదు. ఆవిడ చూపుకి అందరం దణ్ణం పెట్టాం.

నేను చేసేదీ అదే పని. నగల బదులు స్పీకర్లు, అంతే తేడా.

మన సినిమావాళ్ళు సెట్టు మీద వస్తువుని ‘ప్రాపర్టీ’ అంటారు. ఇంగ్లీషు నాటకాల నుంచి వచ్చిన మాట, నాటక కంపెనీ ఆస్తి అనే అర్థంలో పుట్టింది. మనం వాడీ వాడీ అరగదీశాం గాని ఆ మాటలో అసలు విషయం ఉంది. ఆస్తి అన్నాక అది ఎవరిది, ఎవరి డబ్బుతో వచ్చింది, దాన్ని ముట్టుకునే హక్కు ఎవరికుంది అన్న మూడు ప్రశ్నలు పుడతాయి. పాటల పెట్టె దగ్గర ఈ ప్రశ్నలు పుట్టినంత గట్టిగా కుర్చీ దగ్గరా బల్ల దగ్గరా పుట్టవు. టూ-ఇన్-వన్ ఉన్న ఇంట్లో పెరిగినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. మా ఇంట్లో దాని మీద అమ్మ అల్లిన లేసు గుడ్డ ఉండేది. నాన్న ఆఫీసు నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, ఆ గుడ్డ తీసి మడతపెట్టి పక్కన పెట్టాకే పాట మొదలయ్యేది. పిల్లలం దాని జోలికి పోకూడదు. అన్నయ్య ఓ మధ్యాహ్నం గుడ్డ తియ్యకుండానే కింద నుంచి వేలు పోనిచ్చి బటన్ నొక్కాడు. వాడికి పడిన దెబ్బలు క్యాసెట్ పాడైనందుకు కావు, క్యాసెట్టేమీ పాడవలేదు.

అందుకే 1983లో వచ్చిన ‘రిస్కీ బిజినెస్’ చూసినప్పుడు నాకు షికాగో శివార్లలోని ఆ డబ్బున్న ఇల్లు పరాయిగా అనిపించలేదు. అందరికీ గుర్తున్నది టామ్ క్రూజ్ చొక్కా, సాక్సులతో నున్నటి నేల మీద జారుకుంటూ వచ్చి ఆడే డాన్సు. దానికి ముందు ఏం జరిగిందో అడగండి, చాలామంది చెప్పలేరు. ఊరికి వెళ్ళబోతూ తండ్రి కొడుకుని స్టీరియో దగ్గర నిలబెట్టి క్లాసు పీకుతాడు. ఈక్వలైజర్ మీటలు తను పెట్టిన చోటే ఉండాలి. బేస్ ఎక్కువైనట్టు ఆయన చెవికి తెలిసింది. సరిగ్గా వాడటం చేతకాకపోతే అసలు ముట్టుకోవద్దు. తల్లిదండ్రుల విమానం ఎగిరాక కుర్రాడు ఆ మీటల్ని పైకి తోసేస్తాడు. ఆ తరవాతే డాన్సు. ఆ ఇంట్లో తరవాత జరిగే అనర్థాలన్నీ, కారు సరస్సులో మునగడంతో సహా, ఆ వేలితో మొదలయ్యాయి. సామాను చూడనివాడికి అది కుర్రతనంలా కనిపిస్తుంది. చూసినవాడికి అది తిరుగుబాటు ప్రకటన. ఇందులో సినిమా చూసినవాడెవడు, చూడనివాడెవడు?

‘అంతదాకా ఎందుకు, ఖరీదైన స్టీరియో పెట్టారంటే వాడు క్రూరుడని అర్థం, అది పాతబడిన చిట్కా’ అనేవాళ్ళు ఇంకొందరు. శాస్త్రీయ సంగీతం వింటూ మనుషుల్ని చంపే పాత్రలు హాలీవుడ్‌లో లేకపోలేదు. కానీ ఆ చిట్కాకి మూలపురుషుడనదగ్గ అలెక్స్ గదిలోకే వెళ్దాం రండి. 1971, స్టాన్లీ కూబ్రిక్, ‘ఎ క్లాక్‌వర్క్ ఆరెంజ్’. ప్రభుత్వం కట్టిన ఇరుకు ఫ్లాటు, కళ్ళు చెదిరే గోడకాగితాలు, అమాయకపు అమ్మానాన్నలు. ఆ ఇంట్లో ఒక్క గదికే తాళం. లోపల ఓ టర్న్‌టేబుల్ ఉంటుంది. చూడగానే అది రికార్డు ప్లేయరని పోల్చుకోవడం కష్టం. రికార్డు కిందంతా ఆనే పళ్ళెం లేదు, బంగారు రంగు గుళ్ళ మీద తేలుతున్నట్టు ఆనుతుంది. దాని పేరు ట్రాన్‌స్క్రిప్టర్స్ హైడ్రాలిక్ రిఫరెన్స్. ఇంగ్లండ్‌లో డేవిడ్ గామన్ అనే ఆయన 1960లలో రూపొందించాడు. హైడ్రాలిక్ అనడం ఎందుకంటే వేగాన్ని సవరించడానికి అందులో చిక్కటి సిలికాన్ ద్రవం వాడాడు. దాని భాగాలు తయారుచేసినవాళ్ళలో జాన్ మిచెల్ వర్క్‌షాప్ ఒకటి. కూబ్రిక్ ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’కి డిస్కవరీ అంతరిక్షనౌక నమూనా పని చేసిపెట్టిందీ ఆ వర్క్‌షాపే. అద్దెకు తెచ్చి సర్దిన సామాను అన్న మాట ఇక్కడ ఎలా నిలుస్తుందో బావమరిదే చెప్పాలి.

ఇంతకీ చెప్పదలచింది అది కాదు. ఆ రాత్రి అలెక్స్ ఇంటికొస్తాడు. మంచం కింద సొరుగు లాగుతాడు. అందులో గడియారాలు, నోట్లు, ఎవరెవరివో వస్తువులు, అంతా దోచుకొచ్చిన సొత్తు. చేతిలో ఉన్నది దాన్లో పడేసి, బీథోవెన్ తొమ్మిదో సింఫనీ పెట్టుకుంటాడు, అదీ టర్న్‌టేబుల్ మీద కాదు, ఓ బుల్లి క్యాసెట్‌లో. కెమెరా ఆ సొరుగునీ టర్న్‌టేబుల్‌నీ ఒకే గదిలో, నిమిషాల తేడాలో చూపించింది. ఈ కుర్రాడికి అంత టర్న్‌టేబుల్ ఎక్కణ్ణుంచి వచ్చింది అని అడగడానికి దాని ఖరీదు తెలిసి ఉండాలి. ఖరీదు తెలియనివాడికి ఆ సొరుగు, ఆ టర్న్‌టేబుల్ రెండు వేర్వేరు వస్తువులు. తెలిసినవాడికి ఒకే వాక్యంలో రెండు సగాలు. కూబ్రిక్ ఆ వాక్యాన్ని మధ్యలో వదల్లేదు. జైలూ చికిత్సా అయ్యాక అలెక్స్ ఇంటికి తిరిగొచ్చి తన గదిలో తన వస్తువులేవీ కనబడక అడిగితే తండ్రి నసుగుతూ చెబుతాడు, పోలీసులు పట్టుకుపోయారట, బాధితులకి నష్టపరిహారం కింద. రసికతకి గుర్తుగా కనబడిన సామాను చివరికి పోలీసులు జప్తు చేసిన ఆస్తిగా తేలింది. క్రూరుడి గదిలో మంచి సంగీతం అన్న చిట్కా ఇంత లెక్కగా నడవదు.

ఇక్కడ మా వర్గం వాళ్ళకి కూడా రెండు అంటించాలి, లేకపోతే న్యాయం కాదు. తెర మీద పెట్టెని గుర్తుపట్టడంతో పని అయిపోయిందనుకునేవాళ్ళు మాలో చాలామంది. పేరు, మోడల్, ధర చెప్పేసి, “స్పీకర్లు గోడకి మరీ దగ్గరగా పెట్టారు, వెనకాల వైర్లే లేవు, ఆ ఆంప్లిఫయర్ ఆ స్పీకర్లని నడపలేదు” అని తప్పులు పట్టి తృప్తిగా ఆవలిస్తారు. బావమరిది లాంటివాళ్ళకి ఆ అభిప్రాయం కలిగించింది వీళ్ళే. నగ చూసి తులాలు చెప్పి ఊరుకుంటే అది కంసాలి చూపు. మా అత్తగారిది ఆ చూపు కాదు.

‘బాష్’ అనే సీరియల్ ఉంది, మైకేల్ కానెలీ నవలల మీద అమెజాన్ తీసింది. 2014లో పైలట్ ఎపిసోడ్ వచ్చింది, ఏడు సీజన్లు నడిచింది. లాస్ ఏంజెలస్ పోలీసు శాఖలో హత్యకేసుల డిటెక్టివ్ హ్యారీ బాష్. కొండ అంచున స్తంభాల మీద నిలబెట్టిన ఇల్లు, గాజు తలుపుల కింద ఊరంతా దీపాలు. రాత్రి డ్యూటీ దిగి వచ్చి జాజ్ పెట్టుకుని పాత కేసుల ఫైళ్ళు తిరగేస్తాడు. అక్కడున్నది మెకింతోష్ ఎమ్‌ఎక్స్ 110 ట్యూనర్-ప్రీఆంప్, అదే కంపెనీ ఎమ్‌సీ 240 ట్యూబ్ ఆంప్లిఫయర్, మరాంజ్ 6300 టర్న్‌టేబుల్, ఓమ్ వాల్ష్ 4 స్పీకర్లు. దీని మీద రెండు విమర్శలు విన్నాను. ఒకటి, పోలీసు జీతగాడికి ఇంత సామానా అని. రెండోది మామూలే, కంపెనీల ప్రకటన అని.

రెండోదాన్ని ముందు తేల్చేద్దాం. ఆ మెకింతోష్ పెట్టెలు రెండూ 1960ల నాటివి. మరాంజ్ 1970లది. స్పీకర్లు 1980లవి. ఒక్కటీ ఇవాళ కొట్లో కొత్తగా దొరకదు. దొరకని వస్తువుకి ప్రకటన ఇచ్చుకునే వ్యాపారి ఎవరో నాకు తెలియదు. మెకింతోష్ కంపెనీ ఇంకా నడుస్తోంది, పేరుకి కాస్త మెరుగు పట్టి ఉండొచ్చు, ఒప్పుకుంటాను. ప్రకటనలు అసలు లేవనీ అనను. 2006లో వచ్చిన ‘కాసినో రాయల్’లో జేమ్స్ బాండ్ ఫోను సోనీ ఎరిక్సన్, లాప్‌టాప్ సోనీ, సినిమా విడుదల చేసిందీ సోనీ. అక్కడ నేను రిమోట్ ముట్టుకోను. కొత్తగా మెరుస్తూ, పేరు కెమెరా వైపు తిప్పి పెట్టిన పెట్టెకి, వాడివాడి ఓ మూలకి సర్దుకున్న పెట్టెకి తేడా కనిపెట్టడం ఎలాగో ఆ అలవాటున్నవాడికే తెలుస్తుంది. ప్రకటనని పట్టుకోవాలన్నా మా బోటి పిచ్చివాళ్ళే కావాలి.

మొదటి విమర్శకి కథలోనే జవాబుంది. బాష్ పరిశోధించిన ఓ కేసుని హాలీవుడ్‌వాళ్ళు సినిమా తీశారు, ఆ డబ్బుతో ఇల్లు కొన్నాడు. అంటే తను చూసిన చావుల మీద వచ్చిన డబ్బు. ఆ డబ్బున్నవాడు కొత్త సెట్టు కొనుక్కోవచ్చు. పాతవి ఏరుకొచ్చి పెట్టుకున్నాడు. మూసేసిన పాత కేసుల్ని తిరగదోడేవాడి ఇంట్లో ఎవరో వదిలేసిన పాత యంత్రాలు. ఇది నేను అల్లుతున్నానంటే అనండి. కానీ ఆ స్పీకర్ల సంగతి వినండి. ‘స్పీకర్లు పెట్టిన తీరు తప్పు’ అనేవాళ్ళకీ కలిపి చెబుతున్నాను. మామూలు స్పీకర్లకి ఎదురుగా ఒక కుర్చీ ఉంటుంది, ఆ కుర్చీలో కూర్చున్నవాడికే పాట పూర్తిగా వినబడుతుంది. లింకన్ వాల్ష్ అనే అమెరికన్ ఇంజినీరు ఆలోచన వేరు. శంఖు ఆకారపు డయాఫ్రమ్‌ని నేలకి అభిముఖంగా బోర్లిస్తే శబ్దం దాదాపు అన్ని వైపులకీ వెళుతుంది. గదిలో ఎక్కడున్నా ఒకటే. అలాంటి స్పీకర్లు కుర్చీలో కుదురుగా కూర్చుని వినేవాడికన్నా కిటికీ దగ్గరికీ బల్ల దగ్గరికీ తిరిగేవాడికి పనికొస్తాయి. బాష్ కూర్చోడు. ఆ పాత్ర పాట వినే తీరు తెలిసిన మనిషెవరో ఆ స్పీకర్లు ఎంచుకున్నారనిపిస్తుంది. యాదృచ్ఛికం అయితే మరీ మంచిది, సినిమా తీసినవాళ్ళు అనుకోకుండా చేసిన మంచి పనుల్ని కూడా మనం సినిమా ఖాతాలోనే వేస్తాం కదా, ఒక్క వస్తువుల దగ్గరే ఈ పిసినారితనం దేనికి?

అద్దె సామాను అన్న మాటకి ఇంకో జవాబు జర్మనీ నుంచి. 2006 నాటి ‘ద లైవ్స్ ఆఫ్ అదర్స్’. తూర్పు జర్మనీ రహస్య పోలీసు స్టాసీ అధికారి ఓ నాటకకర్త ఇంటి అటకమీద కూర్చుని, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కింద గదుల్లో మాటలన్నీ వింటాడు. అక్కడ కనిపించే వినికిడి పరికరాలు మ్యూజియంల నుంచి, సేకర్తల నుంచి తెచ్చిన అసలు స్టాసీ సామాను. వాటిని సమకూర్చిన ప్రాపర్టీ మాస్టర్ ఒకప్పుడు రెండేళ్ళు స్టాసీ జైల్లో ఉన్నవాడు. నకిలీ ఒక్కటి ఉండకూడదని పట్టుబట్టాడు. ఆ మనిషి ముందు నిలబడి, ‘అదంతా సెట్టు మీద సామాను, మేం మనుషుల్ని చూస్తాం’ అనగలమా? ఆ టేపు యంత్రాలకి ఓ ముఖం ఉందని ఆయనకి తెలుసు, మనకి తెలియదు. తెలుసుకోవడానికి ఆగి చూస్తే తప్పెలా అవుతుంది?

హై-ఎండ్ సామాను గురించి మొదలుపెట్టి రహస్య పోలీసుల హెడ్‌ఫోన్ల దాకా వచ్చావేమిటి అంటారు. వచ్చాను, ఎందుకంటే అలవాటు పడిన కన్ను లక్షల సెట్టు దగ్గర ఆగిపోదు. ‘షాషాంక్ రిడెంప్షన్’లో అతి గొప్పగా పాట వినిపించింది జైలు ఆవరణలో స్తంభాలకి కట్టిన బాకాలోంచి. మన ఊళ్ళలో శ్రీరామనవమికి వేపచెట్టుకి కట్టే మైక్ సెట్టు బాకాకి అది అన్న వరస. గొంతు తప్ప ఇంకేదీ సరిగ్గా పలకని పరికరం. ఖైదీ ఆండీ జైలు ఆఫీసులో తలుపు గడియ వేసి, మొజార్ట్ ‘ఫిగరో’లోంచి ఇద్దరు స్త్రీలు కలిసి పాడే పాటని జైలంతటికీ వదులుతాడు. జైలు పెద్ద అద్దం అవతల నిలబడి ఆపమని ఉరుముతుంటే, ఆండీ చెయ్యి నెమ్మదిగా గుబ్బ మీదికి వెళ్ళి శబ్దం ఇంకాస్త పెంచుతుంది. అందుకు రెండు వారాలు చీకటి కొట్టు. ఆ గుబ్బ ఎవరిది? వందల మంది ఖైదీలకి లేవమనీ పడుకోమనీ చెప్పే యంత్రం గుబ్బ. రోజూ ఆజ్ఞలు మోసే బాకా ఆ కాసేపు పాట మోసింది. అక్కడ ఖరీదైన స్పీకర్లుంటే ఆ సీను చచ్చిపోయేది.

ఈ సీను దగ్గరే నా ప్రత్యర్థులకి ఒక పాయింటు ఇచ్చేస్తాను. మనం వినే రికార్డింగ్ కార్ల్ బోమ్ నడిపించింది, 1968 నాటిది. ఆండీ జైల్లోంచి తప్పించుకున్నది 1966లో. ఇంకా పుట్టని రికార్డు అతని చేతికెలా వచ్చిందని నేను ఓ పెళ్ళి భోజనాల్లో పావుగంట ఉపన్యసించాను. పక్కాయన అప్పడం విరుచుకుంటూ, “అయితే ఏమంటారు?” అన్నాడు. ఏమీ అనడానికి లేదు. అది ఉత్త మిడిమేలం. అలాంటి గుర్తుపట్టడాన్ని వెక్కిరించండి, నేనూ కలుస్తాను.

కానీ అదే కన్ను ఇంకో చోట ఏం పట్టుకుందో చూడండి. 2014లో వచ్చిన ‘గార్డియన్స్ ఆఫ్ ద గెలాక్సీ’ పిల్లల సినిమా కింద లెక్క. పీటర్ క్విల్‌ని 1988లో, తల్లి చనిపోయిన రాత్రి, అంతరిక్ష దొంగలు ఎత్తుకుపోతారు. వాడి దగ్గర మిగిలింది తల్లి కూర్చి ఇచ్చిన పాటల క్యాసెట్, ఓ వాక్‌మన్. నీలం, వెండి రంగుల ఆ పెట్టె సోనీ మొదటి వాక్‌మన్, టీపీఎస్-ఎల్2, 1979 జులైలో జపాన్‌లో వచ్చింది. దానికి హెడ్‌ఫోన్ రంధ్రాలు రెండు. సోనీ అధిపతి అకియో మొరీటా నమూనా ఇంటికి తెచ్చుకుని వింటుంటే భార్య చిన్నబుచ్చుకుందట. ఒక్కడే చెవుల్లో పెట్టుకుని కూర్చోవడం మర్యాద కాదనిపించి ఇద్దరు కలిసి వినేలా రెండో రంధ్రం పెట్టించాడు. పాట తగ్గించి పక్కవాళ్ళతో మాట్లాడుకోవడానికి ఓ నారింజరంగు బటన్ కూడా. తరవాతి మోడళ్ళకి ఆ బటన్ పోయింది, జనం ఒంటరిగా వినడానికే ఇష్టపడ్డారు.

ఇప్పుడు ఆ కుర్రాణ్ణి చూడండి. ఇద్దరి కోసం చేసిన యంత్రాన్ని ఇరవయ్యారేళ్ళుగా ఒక్కడే వింటున్నాడు. రెండో రంధ్రం ఖాళీ. జైల్లో కాపలావాడు అది పెట్టుకు వింటున్నాడని చూసి ఒళ్ళు మరిచి ఎదురుతిరిగి కరెంటు షాకు తింటాడు. తప్పించుకునే హడావుడిలో ప్రాణం లెక్కచెయ్యకుండా దాని కోసం వెనక్కి పోతాడు. తన చేత్తో, తన ఇష్టంతో ఆ హెడ్‌ఫోన్లు తీసి సహచరి గమోరా చెవులకి పెట్టినప్పుడు అది ప్రేమ సీనని పిల్లలకి కూడా తెలుస్తుంది. ఆ పెట్టెకి రెండో రంధ్రం ఉందని తెలిసినవాడికి, ఆ సీను ఆ పెట్టె పుట్టినప్పటి నుంచీ ఎదురుచూస్తున్నదని తెలుస్తుంది. దీన్ని సరుకుల పిచ్చి అంటే, పద్యంలో శ్లేష పట్టుకున్నవాణ్ణి నిఘంటువుల పిచ్చోడు అనాలి.

ఇక మిగిలింది ఒక్క వాదన. బావమరిది దాన్ని చివరికి అట్టేపెట్టుకుంటాడు, తురుపుముక్కలాగా. పాట ఆ పెట్టెలోంచి రాదు, మిక్సింగ్ గదిలోంచి వస్తుంది, కాబట్టి పెట్టె బొమ్మ మాత్రమే అని. సాంకేతికంగా నూటికి నూరుపాళ్ళు నిజం. షూటింగులో ఆ ట్యూబులు వెలగకపోయినా, ముల్లు రికార్డుకి ఆనకపోయినా మనకి తెలియదు.

సరే. 1989, స్పైక్ లీ, ‘డూ ద రైట్ థింగ్’. బ్రూక్లిన్‌లో ఓ వీధి, ఎండ మండిపోతున్న ఒక్క రోజు. రేడియో రహీమ్ అనే నల్లజాతి యువకుడు, ఆరడుగుల పైమాట మనిషి, చేతిలో సూట్‌కేసంత టేప్ రికార్డర్. ప్రోమాక్స్ జే-1 సూపర్ జంబో. హై-ఎండ్ అనే మాటకి నవ్వుతారేమో గాని ఆ వీధిలో అంతకన్నా ఖరీదైన వస్తువు ఆ మనిషికి ఇంకోటి ఉన్నట్టు కనబడదు. ఉద్యోగం కనబడదు, ఇల్లు కనబడదు. పెట్టె కనబడుతుంది. మెట్ల మీద కూర్చున్న పోర్టోరికో కుర్రాళ్ళ సల్సా పాటతో దీని శబ్దం పోటీ పడి గెలుస్తుంది. అది ఇరవై పెద్ద బ్యాటరీలు తింటుంది, అవి అయిపోతే కొరియన్ దంపతుల కొట్లో ఇరవై కొనుక్కోవడానికి పెద్ద రగడే అవుతుంది. ఇరవై! జేబులో డబ్బులు ఎటు పోతున్నాయో ఆ ఒక్క అంకె చెబుతుంది. ఎప్పుడూ ఒకే పాట, పబ్లిక్ ఎనిమీ బృందానిది. అతను వీధి మొదట్లో కనబడితే పాట మొదలవుతుంది, మలుపు తిరిగితే తగ్గుతుంది. అంటే మిక్సింగ్ గదిలో కూర్చున్నవాళ్ళు ఆ పాటని పెట్టెకి కట్టేశారు.

రాత్రి సాల్ పిజ్జా కొట్లోకి ఆ పెట్టెతో వస్తాడు. ఆపమంటాడు సాల్. ఇది నా కొట్టు అంటాడు. పెట్టె మాత్రం రహీమ్‌ది. కొట్టు ఒకరి ఆస్తి, పెట్టె ఇంకొకరి ఆస్తి, గాలిలో ఉన్న పాట ఎవరిదో తేలలేదు. సాల్ బేస్‌బాల్ బ్యాటు తీసి ఆ పెట్టెని తుక్కుతుక్కుగా కొడతాడు. ఆ తరవాత తన్నులాట, పోలీసులు వచ్చి రహీమ్‌ని పీక నొక్కి చంపడం, కొట్టు తగలబడటం. ఆ ప్రోమాక్స్ ఇవాళ వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ వారి ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర మ్యూజియం సేకరణలో ఉంది. మ్యూజియంవాళ్ళకీ సరుకుల పిచ్చేనంటావా బావా?

అది పక్కన పెట్టు. నాకు ఒక్కదానికి జవాబు చెప్పు. పాట మిక్సింగ్ గదిలోదే, పెట్టెకీ దానికీ సంబంధం లేదన్నావు కదా, మరి బ్యాటు దెబ్బకి అది ఎందుకు ఆగిపోయింది?